వెడల్పు పడవకు చోటేది? ఇంగ్లండ్ కాలువల్లో మూరింగ్ ఎందుకింత కష్టం

క్లుప్తంగా: ఇంగ్లండ్‌లో పది, పన్నెండు అడుగుల వెడల్పున్న పడవ కొనడం తేలికే. దాన్ని ఏళ్ల తరబడి కట్టుకునే చోటు, అంటే మూరింగ్, దొరకడమే కష్టం. 18వ శతాబ్దంలో కట్టిన ఏడడుగుల లాకులు దేశంలోని వెడల్పు కాలువలను ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలుగా విడదీశాయి. దక్షిణాన గిరాకీ అంతా లండన్ చుట్టూ పోగుపడింది. సొంత చోటు లేకుండా తిరిగే పడవలు ఒకేచోట 14 రోజులకు మించి ఆగకూడదన్న నిబంధన ఉంది, 2024 నుంచి అదనపు రుసుము కూడా పడుతోంది. చట్టబద్ధంగా కాపురం ఉండగల చోట్లు మరీ తక్కువ.

లండన్ అద్దెలు కట్టలేక పడవ కొనుక్కుని కాలువ మీద కాపురం పెట్టినవాళ్ల వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలుతెప్పలు. వాటిలో కనిపించే పడవలు ప్రధానంగా రెండు రకాలు. సన్నగా, పొడుగ్గా ఉండేవి నేరోబోట్లు. వీటి వెడల్పు ఆరడుగుల పది అంగుళాలు. రెండో రకం వైడ్‌బీమ్. ఇది సాధారణంగా పది నుంచి పన్నెండు అడుగులు ఉంటుంది, కొన్ని ఇంకా ఎక్కువే. నేరోబోట్‌లో డబుల్ కాట్ వేస్తే పక్కన మనిషి నడవడానికి అడ్డం తిరగాలి. వైడ్‌బీమ్‌లో అదే మంచానికి రెండు వైపులా దారి ఉంటుంది. సోఫా, డైనింగ్ టేబుల్, మామూలు సైజు బాత్రూమ్ పడతాయి. చదరపు అడుగుల లెక్క వేస్తే వెడల్పు పడవే లాభసాటిగా కనిపిస్తుంది.

వీడియోలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. పడవను రోజూ ఎక్కడ కట్టాలన్నది ఆ తర్వాత మొదలయ్యే ప్రశ్న. ఇలా కట్టుకునే చోటునే అక్కడ మూరింగ్ అంటారు. ఇంటికి స్థలం లాంటిది కదా అనిపిస్తుంది గానీ, దీన్ని చాలా సందర్భాల్లో కొనడం కుదరదు, కొన్నేళ్లకు అద్దెకు తీసుకోవడమే. అద్దె సంగతి తర్వాత. అసలు ఆ చోటికి పడవ వెళ్లగలదా అన్నది ముందు తేలాలి.

## ఏడడుగుల లాకు పెట్టిన హద్దు

గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాకులు చూసినవారికి పద్ధతి తెలిసిందే. కాలువ మట్టం మారే చోట రెండు తలుపుల మధ్య తొట్టె కడతారు. పడవ లోపలికి వచ్చాక నీళ్లు నింపో, వదిలో పైకీ కిందికీ చేరుస్తారు. ఆ తొట్టె ఎంత వెడల్పుంటే ఆ కాలువలో అంతవరకే పడవ. కాబట్టి ఒక దారిలో నలభై లాకులున్నా, వాటిలో ఒక్కటి ఇరుకైతే మిగతా ముప్పై తొమ్మిదీ ఎంత విశాలంగా ఉన్నా ఉపయోగం లేదు.

ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో ఆ ఇరుకు 1766లోనే ఖాయమైంది. ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు ఆ ఏడాది పార్లమెంటు అనుమతి వచ్చింది. ఇంజినీరు జేమ్స్ బ్రిండ్లీ. దారిలో హేర్‌కాజిల్ కొండ అడ్డొచ్చింది, దాన్ని తొలిచి సుమారు రెండున్నర కిలోమీటర్ల సొరంగం వేయాలి. ఆ రోజుల్లో అది చేత్తో, మందుగుండుతో చేసే పని. సొరంగం వెడల్పు పెరిగిన కొద్దీ ఖర్చు, ప్రమాదం రెండూ పెరుగుతాయి. నీటి లెక్క కూడా ఉంది. ఇరుకు లాకు ఒకసారి నింపడానికి లక్ష లీటర్ల పైచిలుకు నీళ్లు కావాలి, వెడల్పు లాకుకు దాదాపు రెట్టింపు. కొండ మీదుగా పోయే కాలువకు ప్రతి లీటరూ ఎక్కడో జలాశయం కట్టి తేవలసిందే. అందుకే కాలువ మధ్య భాగంలో లాకులను ఏడడుగుల వెడల్పు, 72 అడుగుల పొడవుకు పరిమితం చేశారు. పక్కన వచ్చిన కాలువలు దానితో కలవాలి కాబట్టి అవీ అదే కొలత పాటించాయి. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ప్రాంతమంతా అలా ఇరుకు కాలువల వల అయిపోయింది.

ఉత్తరాన లీడ్స్ అండ్ లివర్‌పూల్, రోచ్‌డేల్, ఎయిర్ అండ్ కాల్డర్ వంటివి వెడల్పు కాలువలు. దక్షిణాన గ్రాండ్ యూనియన్, లండన్‌లోని రీజెంట్స్ కాలువ, లీ నది, పశ్చిమానికి పోయే కెనెట్ అండ్ ఏవన్, వీటిని కలిపే థేమ్స్ నది కూడా వెడల్పు పడవలకు పనికొస్తాయి. ఈ రెండు గుంపుల మధ్య లోతట్టు జలమార్గంలో వెడల్పు దారి లేదు.

కలపాలని ప్రయత్నం జరగలేదని కాదు. లెస్టర్ వైపు పోయే దారిలో ఫాక్స్‌టన్ వద్ద పది లాకులు, వాట్‌ఫర్డ్ అనే గ్రామం వద్ద ఏడు లాకులు ఇరుకువే (ఇది లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్ పట్టణం కాదు). 1900లో ఫాక్స్‌టన్ దగ్గర లాకులకు బదులు ఏటవాలు పట్టాల మీద నీటి తొట్లను పైకీ కిందికీ లాగే యంత్రం పెట్టారు. ఒక్కో తొట్టెలో వెడల్పు పడవ పడుతుంది. కానీ వాట్‌ఫర్డ్ లాకులను మాత్రం వెడల్పు చేయలేదు. ఒక చివర తెరిచి రెండో చివర మూసి ఉంచితే పడవలెలా వస్తాయి? 1911 నాటికి ఆ యంత్రం ఆగిపోయింది, 1928లో తుక్కు కింద అమ్మేశారు. 1934లో గ్రాండ్ యూనియన్ మీద బర్మింగ్‌హామ్ వైపు లాకులను వెడల్పు చేసి ఘనంగా ప్రారంభించారు. నగరంలోకి దిగే క్యాంప్ హిల్ లాకులు మాత్రం ఏడడుగుల దగ్గరే ఉండిపోయాయి.

ఈ చరిత్ర ఇప్పటి కొనుగోలుదారుకు నేరుగా తగులుతుంది. ధర తక్కువని ఉత్తరాన యార్క్‌షైర్‌లో వైడ్‌బీమ్ కొని లండన్ తేవాలంటే క్రేనుతో ఎత్తి లారీ మీద వేయాల్సిందే. బ్రిటన్ రోడ్ల మీద 2.9 మీటర్లు దాటిన వెడల్పు సరుకుకు పోలీసులకు ముందుగా తెలియజేయాలి. 3.5 మీటర్లు దాటితే డ్రైవరుతో పాటు మరో సహాయకుడు ఉండాలి. పన్నెండు అడుగుల పడవంటే 3.66 మీటర్లు. రెండు చివర్లా క్రేను ఖర్చు, లారీ ఖర్చు కలుపుకుంటే ధరలో మిగిలిందనుకున్నది చాలావరకు అక్కడే కరిగిపోవచ్చు.

## లాకులో పట్టినంత మాత్రాన కాలువలో తిరగలేదు

వెడల్పు లాకు పద్నాలుగు అడుగులు ఉంటుంది కాబట్టి పన్నెండు అడుగుల పడవకు ఢోకా లేదనుకుంటారు. గ్రాండ్ యూనియన్ చూస్తే ఆ లెక్క తప్పుతుంది. ఆ లాకుల్లో రెండు నేరోబోట్లు పక్కపక్కన జతగా దిగుతాయి. లాకు దాటాక ఒకదాని వెనుక ఒకటి పోతాయి. అంటే లాకు వెడల్పున్నా దాని తర్వాతి కాలువ, వంతెనలు, సొరంగాలు వెడల్పు పడవలు ఎదురెదురుగా తప్పుకునేందుకు కట్టినవి కావు. 1934 పనుల సమయంలో ప్రోగ్రెస్ అనే వెడల్పు సరుకు పడవను నమూనాగా తయారు చేశారు. తర్వాత గ్రాండ్ యూనియన్ కంపెనీ మళ్లీ జత నేరోబోట్లనే నమ్ముకుంది.

బ్లిస్‌వర్త్, బ్రాన్‌స్టన్ సొరంగాల్లో నేరోబోట్లు రెండు ఎదురెదురుగా దాటగలవు. వైడ్‌బీమ్ లోపలికి వెళ్తే ఎదురుగా ఏదీ రాకూడదు. అందుకని ముందే సమయం బుక్ చేసుకుని వెళ్లాలి. బ్లిస్‌వర్త్ సొరంగమే సుమారు 2.8 కిలోమీటర్లు. దాని ఉత్తరాన మూరింగ్ తీసుకుని వారాంతానికి దక్షిణం తిరిగొద్దామనుకునేవారు ప్రతిసారీ ఈ తతంగం లెక్కలో వేసుకోవాలి.

పొడవు ఇంకో మెలిక. లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువ 127 మైళ్లు. వెడల్పు లాకులే గానీ ఎక్కువ భాగంలో 62 అడుగులకు మించిన పడవ పట్టదు. కాల్డర్ అండ్ హెబుల్ మీద 57 అడుగుల చిల్లరకే హద్దు. మార్కెట్లో 57 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పడవలు తరచూ కనిపించడానికి ఇదో కారణం. డెబ్బై అడుగుల వైడ్‌బీమ్ తీసుకుంటే లోపల చోటు బోలెడు, కానీ ఉత్తరాన మూరింగ్ జాబితాలో సగం పేర్లు కొట్టేయాల్సిందే.

## చోటు లేకపోతే చట్టం ఏమంటుంది

ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలు, నదులను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చూస్తోంది. అంతకుముందు అవి బ్రిటిష్ వాటర్‌వేస్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేవి. ట్రస్టు నీళ్ల మీద సుమారు 35,000 పడవలున్నాయి. ఈ నీళ్లలో పడవ ఉంచే లైసెన్సుకు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం రెండు దారులు చూపింది. పడవకు ఒక సొంత మూరింగ్ ఉండాలి. లేదంటే పడవ నిజంగా ప్రయాణంలో ఉండాలి, ఒకే చోట 14 రోజులకు మించి, లేదా పరిస్థితిని బట్టి సబబైన ఇంకా ఎక్కువ గడువుకు మించి ఆగకూడదు. రెండో దారిలో ఉన్నవారినే అక్కడ కంటిన్యువస్ క్రూయిజర్లు అంటారు.

అద్దె ఆదా అవుతుందని చాలామంది ఈ రెండో దారి పడతారు. అయితే ఎంత దూరం తిరగాలో చట్టం అంకెల్లో చెప్పలేదు. లైసెన్సు కాలంలో 15 నుంచి 20 మైళ్ల కంటే తక్కువ పరిధిలో తిరిగితే నిజమైన ప్రయాణంగా ఒప్పుకోవడం కష్టమని ట్రస్టు తన మార్గదర్శకాల్లో పెట్టింది. ఒక స్కూలు, ఒక ఆఫీసు చుట్టూ బతుకు తిరిగే కుటుంబానికి ఈ దూరం పెద్ద తలనొప్పి. నిబంధన తప్పితే లైసెన్సు కొనసాగించరు. లైసెన్సు లేని పడవను 1983 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టంలోని 8వ సెక్షన్ కింద తొలగించే అధికారం ట్రస్టుకు ఉంది.

వెడల్పు పడవకు ఈ తిరుగుడు మరీ కష్టం. లండన్‌లో రద్దీ వల్ల గట్టు పక్కన పడవలను రెండేసి వరసల్లో కడతారు. నేరోబోట్లు రెండు జతపడితే పద్నాలుగు అడుగులు. వైడ్‌బీమ్ పక్కన ఇంకో పడవ చేరితే మిగిలిన పాయలో రాకపోకలకు దారి ఉండదు. ట్రస్టు 2018లో లండన్ మూరింగ్‌ల కోసం ప్రత్యేక వ్యూహమే ప్రకటించాల్సి వచ్చింది.

సొంత మూరింగ్ ఉందని కాగితం మీద చూపించి, వేరేచోట తిరుగుతూ ఉండేవారూ ఉన్నారు. ఎక్కడో చవకైన చోటు అద్దెకు తీసుకుని లండన్‌లోనే గడిపేయడం అన్నమాట. ఇది అనుకున్నంత తెలివైన ఎత్తుగడ కాదు. సొంత చోటు వదిలి గట్టు పక్కన ఆగినప్పుడు వాళ్లకూ గడువులు వర్తిస్తాయి.

## చోట్లలో రకాలు, వెడల్పుకు పడే ధర

దీర్ఘకాలపు చోటు స్థూలంగా మూడు విధాలుగా దొరుకుతుంది. ఒకటి మెరీనా. కాలువ పక్కన తవ్విన చెరువులో తేలే వంతెనలు వేసి పడవలకు వరసగా గదులు చేస్తారు. కరెంటు, నీళ్లు, మురుగు తీసే పంపౌట్ అక్కడే ఉంటాయి. రెండోది కాలువ ఒడ్డునే పొడుగునా కట్టే వరస. ఇందులో కొన్ని ట్రస్టువి, కొన్ని ప్రైవేటువి. మూడోది పొలం గట్టు, ఇంటి పెరటి చివర. పెరడు సొంతమైనా దాని ముందున్న నీళ్లు ట్రస్టువైతే అనుమతీ కావాలి, రుసుమూ కట్టాలి.

మెరీనా యజమాని లెక్క వేరు. నేరోబోట్ల కోసం వేసిన గదిలో రెండు సన్నపడవలు పడితే, వైడ్‌బీమ్ ఒక్కటే ఆ చోటంతా తినేస్తుంది. అందుకే చాలాచోట్ల పొడవు, వెడల్పు రెండూ కలిపి లెక్క కడతారు, లేదా నేరోబోట్ ధరకు ఒకటిన్నర, రెండింతలు అడుగుతారు. కొన్ని మెరీనాలు వెడల్పు పడవలను అసలు చేర్చుకోవు. కాలువ ఒడ్డు వరసలో ఇంకో ఇబ్బంది ఉంది. కట్టిన పడవ ఎంత ముందుకు పొడుచుకొస్తే అంత కాలువ ఇరుకవుతుంది. ఎదురెదురుగా రెండు పడవలు దాటేంత దారి వదలాలి కాబట్టి, ఖాళీ ఉన్నా ‘నేరోబోట్లకు మాత్రమే’ అన్న షరతు పెడతారు. మధ్య లండన్‌లో మంచి చోటుకు ఏటా పదివేల పౌండ్లు దాటడం వింతేమీ కాదు.

## ‘కాపురం ఉండొచ్చా?’ అన్న ప్రశ్న

చోటు దొరికింది అన్నవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. మూరింగ్ ఒప్పందాలు ఎక్కువ శాతం లీజర్ రకం, అంటే పడవను ఉంచుకోవడానికి, సెలవుల్లో వచ్చి పోవడానికి. అక్కడే శాశ్వతంగా నివసించాలంటే ఆ చోటుకు స్థానిక కౌన్సిల్ నుంచి నివాస అనుమతి ఉండాలి. అలాంటి రెసిడెన్షియల్ మూరింగ్‌కు పోస్టల్ చిరునామా వస్తుంది, కౌన్సిల్ ట్యాక్స్ అనే స్థానిక పన్ను కూడా వస్తుంది, సాధారణంగా అన్నిటికంటే తక్కువదైన ‘A’ బ్యాండులో. కొన్ని మెరీనాల్లో లీజర్ ఒప్పందం మీదే జనం ఏడాదంతా ఉంటున్నా ఎవరూ పట్టించుకోరు. కౌన్సిల్ ఎప్పుడైనా కన్నెర్రజేస్తే ముందు ఇబ్బంది పడేది ఆ నివాసులే.

రెసిడెన్షియల్ ఒప్పందం ఉన్నా ఇంటి అద్దెదారుకున్నంత రక్షణ రాదు. చెల్సీ యాట్ అండ్ బోట్ కంపెనీ వర్సెస్ పోప్ కేసులో 2000లో అప్పీలు కోర్టు ఒక హౌస్‌బోట్ గురించి తేల్చిన సంగతి ఇప్పటికీ కీలకం. తాళ్లతో, గొట్టాలతో ఒడ్డుకు కట్టినంత మాత్రాన పడవ భూమిలో భాగమైపోదు, అది కదిలే వస్తువే, కాబట్టి ఇళ్ల అద్దె చట్టం దానికి వర్తించదు అన్నది ఆ తీర్పు సారం. పార్కుల్లో పెట్టుకునే మొబైల్ హోమ్‌లకు అదే పేరున్న 1983 చట్టం కొంత రక్షణ ఇస్తుంది, పడవ మూరింగ్‌లకు అదీ లేదు. ఒప్పందం ముగిసినప్పుడు యజమాని వద్దంటే పడవ కదలాల్సిందే. నేరోబోట్ అయితే దేశమంతా తిరిగి ఇంకో చోటు వెతుక్కుంటుంది. వైడ్‌బీమ్‌కు తన ముక్కలోనే వెతుక్కోవాలి. ఒప్పందంలో నోటీసు గడువు, పునరుద్ధరణ షరతు, ఏటా అద్దె ఏ లెక్కన పెంచుతారన్నవి వెడల్పు పడవ యజమానికి మరింత ముఖ్యమయ్యేది అందుకే.

2016 హౌసింగ్ చట్టం పడవల్లో ఉండేవారి అవసరాలనూ స్థానిక కౌన్సిళ్లు పరిశీలించాలని చెప్పింది. పరిశీలించాలంది, చోట్లు కట్టి ఇవ్వాలని అనలేదు.

‘మూరింగ్‌తో సహా అమ్మబడును’ అనే ప్రకటనలను కూడా ఈ కంటితోనే చూడాలి. మూరింగ్ ఒప్పందం సాధారణంగా మనిషి పేరు మీద ఉంటుంది, పడవతో పాటు చేతులు మారదు. లండన్ చోటుందన్న మాటతో పడవ ధర వేల పౌండ్లు పెరుగుతుంది. చోటు యజమాని కొత్త కొనుగోలుదారును ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఆ అదనపు సొమ్ము గాలికి పోయినట్టే.

## ఒడ్డున నిలబడి చూడాల్సినవి

ప్రకటనలో ‘వైడ్‌బీమ్ పడుతుంది’ అని ఉన్నా కొన్ని విషయాలు స్వయంగా చూస్తే తప్ప తేలవు. కాలువ అడుగు తిన్నగా ఉండదు. నడుమ లోతు, ఒడ్డు దగ్గర పూడిక. సన్నపడవ ఒడ్డుకు అతుక్కుని ఆనుతుంది, అడుగు వెడల్పుగా ఉండే పడవ ఆ పూడిక అంచు మీద కూర్చుని ఒకవైపు ఒరుగుతుంది. వేసవిలో నీటి మట్టం నాలుగంగుళాలు దిగితే పడుకునే మంచం కూడా వాలిపోతుంది. అలాగే చోటుకు దగ్గర్లో పడవ తిప్పుకునే వెడల్పాటి కాలువ భాగం ఉందా, లేక ముందుకు ఎన్నో మైళ్లు పోయి తిరిగి రావాలా అన్నది కనుక్కోవాలి.

నది మీద చోటు చవగ్గా దొరకొచ్చు. థేమ్స్, ట్రెంట్, లీ నదుల్లో వరదొస్తే మట్టం అడుగుల లెక్కన లేస్తుంది. తాళ్లు బిగుసుకుపోయి పడవ ఒరిగిపోకుండా పడవతో పాటు లేచే తేలే వంతెన, పొడవాటి స్తంభాలు ఉన్నాయో లేదో చూడాలి.

తరచూ మరిచిపోయేది అడుగు రంగు. ఉక్కు పడవను రెండు మూడేళ్లకోసారి నీళ్లలోంచి తీసి, తుప్పు పట్టకుండా నల్లటి పూత వేయించాలి. పడవ భద్రతా పరీక్ష నాలుగేళ్లకోసారి పడవ ఉన్నచోటే అయిపోతుంది. పూత పని అలా కాదు, దానికి డాకు, అంటే పడవను నీళ్లు లేకుండా నిలిపి పనిచేసే తొట్టె, కావాలి. చాలా పాత డ్రై డాకులు ఏడడుగులవే. ఇరవై టన్నులు దాటిన పడవకు తగిన క్రేనో, వెడల్పు డాకో మధ్యలో ఇరుకు లాకు లేకుండా చేరగల దూరంలో ఉండాలి. లేకపోతే పూత వేయించాల్సిన ప్రతిసారీ పెద్ద క్రేను తెప్పించే ఖర్చు పడుతుంది.

## ఇక ముందు

బ్రిటన్ ప్రభుత్వం 2023లో ట్రస్టుకు 2027 నుంచి పదేళ్ల కాలానికి సుమారు 40 కోట్ల పౌండ్ల గ్రాంటు ప్రకటించింది. ధరల పెరుగుదల లెక్కేస్తే ఇది పెద్ద కోతేనని ట్రస్టు అంటోంది. ఆ లోటులో కొంత పడవల మీద పడింది. 2024 ఏప్రిల్ నుంచి సొంత మూరింగ్ లేనివారి లైసెన్సు మీద 5 శాతం అదనపు రుసుము మొదలైంది, 2028 నాటికి అది 25 శాతానికి చేరేలా మెట్లు పెట్టారు. వెడల్పు 2.16 మీటర్లు దాటితే ఒక అదనం, 3.24 మీటర్లు దాటితే అంతకంటే పెద్ద అదనం ఇప్పటికే ఉన్నాయి. అవీ పైకే పోతున్నాయి. అంటే చోటు లేని పన్నెండు అడుగుల పడవకు రెండు వాతలు. పడవల్లో ఉండేవారి సంఘాలు దీన్ని వ్యతిరేకిస్తున్నాయి. తిరిగేవారు గట్టు సౌకర్యాలను ఎక్కువగా వాడుకుంటారన్నది ట్రస్టు వాదన.

దీని ఫలితం ఎటు పోతుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. తిరిగేందుకయ్యే ఖర్చు పెరిగితే కొందరు మెరీనాల వైపు మళ్లుతారు. వెడల్పు గదులు ఉన్నవే కొన్ని కాబట్టి అద్దెలు పెరుగుతాయి. నేరోబోట్ యజమాని చవకైన ఊరికి వెళ్లిపోయి ఈ ఒత్తిడిని తప్పించుకోగలడు. దక్షిణ వైడ్‌బీమ్‌కు ఆ వెసులుబాటు తక్కువ. కాబట్టి పాత వైడ్‌బీమ్‌ల ధరలు దిగి, మూరింగ్ ధరలు ఎగబాకే అవకాశమే ఎక్కువ. పడవ చవగ్గా వస్తోందంటే కారణం అదే అయ్యుండొచ్చు.

వాతావరణం కూడా లెక్కలోకి వచ్చింది. 2025 వేసవిలో వర్షాలు లేక, జలాశయాలు అడుగంటి లీడ్స్ అండ్ లివర్‌పూల్ సహా పలు కాలువల్లో లాకులు మూసేశారు. అదే ఏడాది మొదటి రోజున వరదకు బ్రిడ్జ్‌వాటర్ కాలువ గట్టు తెగింది. అది ట్రస్టుది కాదు, ఒక ప్రైవేటు కంపెనీది, ఉత్తరాన వెడల్పు పడవలు తిరిగే ముఖ్యమైన దారుల్లో ఒకటి. గట్టు తెగిన చోటుకు చుట్టూ తిరిగి పోవడానికి నేరోబోట్లకు ఇరుకు దారులున్నాయి. వెడల్పు పడవ గట్టు మరమ్మతయ్యే దాకా తనున్న వైపే ఉండిపోవాలి. మూరింగ్ ఎంచుకునేటప్పుడు డాకు, డీజిల్, పంపౌట్ తన వైపే ఉన్నాయా అన్నది మ్యాపులో చూసుకోవాల్సింది ఇందుకే.